నా క్యాసెట్‌లో చివరి పాట

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది అప్పటికప్పుడు ఫోన్ తీసి వెతుకుతారు, నా పరువు ఇంకోసారి పోతుంది. ఒకసారి పోయింది, చాలు. పేరుకు బదులు దాన్ని ‘నా క్యాసెట్’ అంటాను. బచేలీ గనుల టౌన్‌షిప్‌లో మా క్వార్టర్ల లైన్‌లో ఉన్న ఆడవాళ్ళందరూ అలాగే అనేవారు. ఆవిడ క్యాసెట్‌తో పెట్టుకోకండి, ఓడిపోతారు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు నిండిపోయేది. ఇప్పుడు అదే మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

మాది తెలుగు సరిహద్దు దాటగానే వచ్చే భోపాల్‌పట్నం దగ్గర పల్లె. మా ఆయనది మద్దేడు. ఐటీఐ చదివి గనిలో ఫిట్టర్‌గా కుదిరాక నన్ను పెళ్ళి చేసుకుని బచేలీ తీసుకొచ్చాడు. కంపెనీ క్వార్టర్లలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారని చెబితే సంబరపడ్డాను. అప్పటికి నాకు హిందీ బజారులో బేరమాడేంతవరకే వచ్చు. మా అడవి ఊళ్ళలో మాట్లాడే గోండి, దోర్లీ వచ్చు కానీ వాటితో క్వార్టర్లలో పనేముంది? తెలుగువాళ్ళుంటే ఇంకేం కావాలి, మనవాళ్ళే కదా అనుకున్నాను.

మనవాళ్ళు కారు. వాళ్ళంతా విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళు. మొదటి రోజు కుళాయి దగ్గర “ఏంది, నీళ్ళు ఎప్పుడొస్తయ్?” అని అడిగితే ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నేను కనబడితే చాలు, “ఏంది, ఏంది” అని వాళ్ళలో వాళ్ళు అనుకుని నవ్వేవారు. వాళ్ళు మాత్రం నోరు తెరిస్తే “ఏటి, ఏటి” అనేవారు. ఏటి అంటే తెలుగు, ఏంది అంటే అడవి భాష. ఈ తీర్పు ఎవరు ఇచ్చారో నాకు తెలియదు. నేను ఎదురు చెప్పలేదు. ఇంట్లో మా ఆయన మీద అరిచేదాన్ని, బయటికొస్తే మూగదాన్ని. పండగకు పేరంటానికి పిలిస్తే వెళ్ళి గుమ్మం పక్కన కూర్చుని, పసుపు కుంకుమ తీసుకుని వచ్చేసేదాన్ని.

మా గోడకు ఆనుకున్న క్వార్టర్‌లో అక్క ఉండేది. సొంత అక్క కాదు, అందరూ అక్క అనేవారు, నేనూ అన్నాను. నాకంటే బాగా పెద్దది. విజయనగరం వైపు మనిషి. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, వండితే లైనంతా వాసన వచ్చేలా వండేది. వాళ్ళాయనా మా ఆయనా ఒకే ప్లాంట్‌లో పని చేసేవారు.

అక్క ముందుగదిలో అద్దాల బీరువా ఉండేది. బొమ్మలు పెట్టుకోవలసిన చోట ఆవిడ క్యాసెట్లు పెట్టుకుంది. అన్నీ విశాఖపట్నంలో కొన్న అసలు క్యాసెట్లు, రంగు కాగితాలతో సహా. ఎవరికీ అరువు ఇచ్చేది కాదు. మా వైపు తెలుగు క్యాసెట్ దొరకడమే గగనం. జగదల్‌పూర్ వెళ్ళినా హిందీవే. ఎవరైనా రైల్లో విశాఖపట్నం వెళ్ళొస్తే తెస్తారు, లేదా తెచ్చినవాళ్ళ దగ్గర ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకోవాలి. అక్క దగ్గర రెండు డెక్కుల టేప్ రికార్డర్ ఉండేది. అది పనిచేస్తున్నప్పుడు పక్కన ఎవరూ గట్టిగా అడుగు వేయకూడదు. టేపులోకి చప్పుడు ఎక్కదని అందరికీ తెలుసు, అయినా అదే నియమం.

ఒకరోజు గోడవతల నుంచి ఒక పాట వినిపించింది. బట్టలు ఆరేస్తున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. మరుసటి రోజు ధైర్యం చేసి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

“ఏటే పిల్లా, అక్కడే నిలబడిపోనావేటి? లోనికి రా,” అంది అక్క.

పాట గురించి అడిగాను. రెండు రోజులకు ఒక ఖాళీ క్యాసెట్‌లో ఆ సినిమా పాటలన్నీ ఎక్కించి ఇచ్చింది. మీద ఎర్ర పెన్నుతో సినిమా పేరు రాసింది. బచేలీలో నాకు ఎవరైనా ఇచ్చిన మొదటి వస్తువు అదే. కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆ సినిమా నేను చూడలేదు, ఈనాటికీ చూడలేదు. క్యాసెట్టే నాకు సినిమా.

మొదటి వైపు మూడు పాటలు. ఒకటి బండి మీద పెళ్ళివారు పోతున్నట్టుంటుంది, ఒకటి వాన పాట, ఇంకొకటి డప్పు మీద నడిచే పాట. క్యాసెట్ తిప్పితే ఒక జంట పాట, ఒక దుఃఖం పాట. ఆ తర్వాత ‘టక్’ అని చిన్న చప్పుడు, కాస్త ఖాళీ, అప్పుడు చివరి పాట. అది మిగతావాటికంటే కొంచెం సన్నగా వినిపించేది. రేవులో పడవ కోసం ఎదురుచూసే ఆడమనిషి పాట. వాయిద్యాలు పెద్దగా లేవు. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడేది. నేను ఇంద్రావతి దగ్గర పెరిగినదాన్ని. అవతలి గట్టు మీద మనిషి నిలబడి కేకేస్తే నీళ్ళ మీద గొంతు ఎలా వస్తుందో నాకు తెలుసు. ఆ పాట అచ్చం అలా వచ్చేది. అందుకే కాబోలు సన్నగా పాడించారు అనుకున్నాను. ఆ ‘టక్’ కూడా పాటలో భాగమే అనుకున్నాను, పడవ గట్టుకు తగిలినట్టు. నా తెలివి అలా ఏడిసింది.

ఇక ఆట సంగతి చెప్పాలి. మొదటి షిఫ్టు వాళ్ళు డ్యూటీలో, పిల్లలు బడిలో ఉన్న పూట లైన్‌లో ఆడవాళ్ళు అక్క ఇంట్లో చేరేవారు. ఏ సినిమా పాటలు బాగున్నాయి అని మాటా మాటా అనుకునేవారు. ఊరికే వాదించుకుంటే తేలేదేముంది, పాటకు పాట కట్టి చూద్దాం అంది అక్క. అలా మొదలైంది. ఈ క్యాసెట్‌లో మొదటి పాట, ఆ క్యాసెట్‌లో మొదటి పాట. అవి వినడం, తేల్చడం. తర్వాత రెండోదానికి రెండోది. ఒక క్యాసెట్ అంటే ఒకే సినిమా, వేరే సినిమా పాట కలిపితే చెల్లదు. మధ్యలో ముందుకు తిప్పడం లేదు. నచ్చని పాటైనా చివరిదాకా వినాలి. ఎవరి క్యాసెట్ అయినా సరే, బాగున్నదే బాగుందనాలి.

తేల్చేందుకు చేతులెత్తితే ఒకరిని చూసి ఒకరు ఎత్తేస్తున్నారు. దానికి ఉపాయం నేనే చెప్పాను. ఆ గదిలో నేను పలికిన మొదటి మాట అదేనేమో. మా పల్లె నుంచి తెచ్చుకున్న ఇప్పగింజలు ఇంట్లో ఉన్నాయి, చింతగింజలు ఎలాగూ ఉంటాయి. ఒక క్యాసెట్‌కు ఇప్పగింజ, ఇంకొకదానికి చింతగింజ, ఒక్కొక్కరికీ రెండూ ఇవ్వాలి. పాటలు అయ్యాక వీపు వెనక చేతిలోనే తడిమి ఒకటి గుప్పిట్లో పట్టుకోవాలి. ఇప్పగింజ పొడుగు, చింతగింజ పలక, చూడకుండానే తెలుస్తుంది. అందరూ ఒక్కసారే గుప్పిళ్ళు తెరవాలి. అక్క నా వైపు చూసి “ఈ పిల్ల మూగదనుకున్నానే!” అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వే.

నా క్యాసెట్‌కు ఎప్పుడూ ఇప్పగింజే, నా ఊరిది కాబట్టి.

మొదటిసారి నా క్యాసెట్ పెట్టిన రోజు అక్కకు ప్రాణమైన క్యాసెట్‌తోనే జోడీ కట్టారు. ఒకటి ఆవిడది గెలిస్తే ఒకటి నాది గెలిచింది. చివరి పాట దగ్గరికొచ్చేసరికి నా అరచెయ్యి చెమటతో గింజ జారిపోతోంది. రేవు పాట అయిపోయింది. గుప్పిళ్ళు తెరిచారు. ఒక్క చింతగింజ లేదు. అక్క చేతిలో కూడా ఇప్పగింజే. కుళాయి దగ్గర నవ్విన ఆవిడ చేతిలో కూడా.

ఆ రోజు నేను నోరు తెరిచాను. ఆ పాట ఎందుకు బాగుందో చెప్పాను. నా భాషలోనే చెప్పాను, ఏంది అనే అన్నాను, ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఏ క్యాసెట్ వచ్చినా ముందు నన్నే అడిగేవారు. ఈ పాటలో తబలా గొంతుకంటే ముందు ఉరుకుతున్నది, ఆ పాటలో ఆయన రెండో చరణానికే అలిసిపోయిండు అని చెబుతుంటే శ్రద్ధగా వినేవారు. పక్క గనుల ఊరు కిరందుల్ నుంచి ఒకావిడ పనిగట్టుకుని తన క్యాసెట్ తెచ్చి నాదానితో పందెం కట్టింది. చివరి పాట దాకా వచ్చి ఓడిపోయింది. పోతూ పోతూ, మీకు మంచి చెవి ఉందండీ అంది. అండీ అంది! ఆ మాట మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. మీరు నవ్వుకోవచ్చు. నాకు పెద్ద చదువు లేదు, ఉద్యోగం లేదు, పెట్టుకోవడానికి నగలు లేవు. ఆ టౌన్‌షిప్‌లో నా మాట చెల్లిన చోటు ఆ చాప ఒక్కటే. అక్కడ కూర్చున్నంతసేపు నేనూ ఒక మనిషిని.

కాలం మారింది. క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చాయి, అవీ పోయాయి. మా టేప్ రికార్డర్ పాడైతే బాగుచేసేవాడు దొరకలేదు. కొత్త కోడళ్ళు వచ్చారు, ఆట తగ్గింది, ఆగిపోయింది. కానీ నా పేరు పోలేదు. పాటల మాట వస్తే ఆవిడనడగండి అనేవారు. మా అమ్మాయి నా ఫోన్‌లో ఆ సినిమా పాటలు పెట్టిచ్చింది. విన్నాను. దుఃఖం పాటతో ఆగిపోయాయి. ఇంకోటుండాలి కదే అంటే ఇంతే ఉన్నాయమ్మా అంది. ఫోన్‌లో ఎక్కించినవాళ్ళు చివరిది మర్చిపోయారని తేల్చేశాను. ఇంత మంచి పాట మర్చిపోయారంటే వాళ్ళ చెవులు ఏం చెవులు అని తిట్టాను కూడా. ఆ సంగతి అక్కకు చెప్పాను, పెరట్లో గోడ దగ్గర.

“మర్చిపోయుంటార్లే,” అంది అక్క, అరటాకు తుడుస్తూ.

ఆ మాటను ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకుంటున్నానో. గొంతులో ఏ తేడా లేదు. చెయ్యి కూడా ఆగలేదు. ఆకు తుడుస్తూనే ఉంది.

పోయిన కార్తీకంలో తెలుగువాళ్ళందరం వనభోజనాలకు వాగు ఒడ్డుకు వెళ్ళాం. అక్క వాళ్ళాయన రిటైర్ అవుతున్నాడు, కాబట్టి వాళ్ళకు విదాయీ, అంటే వీడ్కోలు కూడా అక్కడే అనుకున్నారు. భోజనాల ముందు కొత్త కోడళ్ళు ఆటలు పెట్టారు. వాళ్ళలో ఒకమ్మాయి మా పాత ఆట గురించి ఎవరి దగ్గరో విని, “ఇవాళ అక్కగారి ఆల్బమ్‌కీ ఆంటీ ఆల్బమ్‌కీ పోటీ!” అని మైకులో అరిచింది. చప్పట్లు కొట్టారు. నన్ను ముందుకు లాగి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను పట్టుచీర కట్టుకున్నాను ఆ రోజు. లేచి నిలబడి దండం కూడా పెట్టాను, నా మొహానికి.

స్పీకర్ పెట్టి ఫోన్‌లోంచి పాటలు వేశారు. గింజల బదులు చేతులెత్తడమే. ఒకటి అటు, ఒకటి ఇటు. దుఃఖం పాట అయ్యాక ఆ అమ్మాయి, “అయిపోయాయి ఆంటీ, మీకు ఒకటి తక్కువ,” అంది.

“ఇంకోటున్నదమ్మా. చివరిది. అసలుదే అది. ఫోన్ల ఎక్కిచ్చినోళ్ళు మర్చిపోయిన్రు.”

“లేదాంటీ, ఈ సినిమాలో ఐదు పాటలే. చూడండి,” అని ఫోన్ చూపించింది. మర్యాదగానే చెప్పింది పాపం.

నేను ఒప్పుకుంటానా! “మీరు చిన్నపిల్లలు, మీకేం ఎర్క. వీళ్ళందరు విన్నరు, అడగండి,” అని వెనక్కి తిరిగాను. ఎవరూ గుర్తుపట్టకపోతే అని రేవు పాట పల్లవి పాడి వినిపించాను కూడా. వాగు ఒడ్డున, మైకు ముందు.

పాత వాళ్ళంతా ఆకులు పరిచిన చోట నిలబడి ఉన్నారు. ఒకావిడ చెట్టు వైపు చూస్తోంది. ఇంకొకావిడ బకెట్ లేని చోట బకెట్ వెతుకుతోంది. అక్క చేతిలో పులిహోర గిన్నె ఉంది. అప్పుడు కుళాయి దగ్గర నవ్విన ఆవిడ, అదే మనిషి, అక్క వైపు తిరిగింది.

“ఇన్నాళ్ళయినా దీనికి చెప్పలేదేటి?” అంది. అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అక్క “నువ్వూరుకో,” అంది. ఆమెతో అంది. నాతో ఏమీ అనలేదు.

ముందు నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి అడుగుతూ పోయింది, వాళ్ళు చెబుతూ పోయారు. ఆ పాట వేరే ఏదో సినిమాది. క్యాసెట్ చివర రీలు మిగిలితే అక్క ఎక్కించింది. నేను దాన్ని ఆ సినిమా పాటే అనుకున్నాను. అక్కవి అసలు క్యాసెట్లు కాబట్టి ఆవిడకు తెలుసు. మొదటి ఆట అయ్యాక మిగతావాళ్ళకు చెప్పింది. కొత్త కోడళ్ళకు ఇది భలే కథ. ఎవరో గట్టిగా నవ్వారు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నాకు మింగుడుపడటం లేదు. నా బతుకు నవ్వులపాలవుతుంటే నేను కూడా పళ్ళికిలించి నిలబడ్డాను.

ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద మా ఆయన్ను అడిగాను.

“నీకెర్కేనా?”

“ఎర్కే. అక్క వాళ్ళాయన ఎప్పుడో జెప్పిండు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు సంబురంగ ఉంటివి. ఏందిప్పుడు, పాటే గదా.”

పాటే గదా! ఆ మనిషి వీపు నా మొహానికి అంత దగ్గర ఉంది, ఒక్కటి గట్టిగా చరుద్దామనిపించింది. ఆట నుంచి ఇంటికొచ్చి ఎవరెవరు ఏ గింజ చూపించారో పూసగుచ్చినట్టు చెబుతుంటే ఊఁ కొట్టాడు. కిరందుల్ ఆవిడ అండీ అన్నదని చెబితే అవునా అన్నాడు. లైనంతా చేరి నన్ను ఆడించింది, అందులో ఇంట్లో మనిషి కూడా ఉన్నాడు.

పాట వేరే సినిమాది అయితే ఏం, బాగున్న పాట బాగున్నదే కదా అని మీరు అనొచ్చు. మా అమ్మాయి కూడా ఫోన్‌లో అదే అంది. నా బాధ అది కాదు. ఆట నియమం వాళ్ళందరికీ తెలుసు. వేరే సినిమా పాటకు గింజ చెల్లదు. ఇంకెవరైనా అలాంటి పాట పెట్టి ఉంటే అప్పటికప్పుడే గోల చేసేవారు. నా దగ్గర చేయలేదు. చిన్నపిల్లలతో దాగుడుమూతలాడేటప్పుడు మంచం కింద కాళ్ళు కనబడుతున్నా ఎక్కడున్నావబ్బా అని వెతుకుతామే, అలా ఆడారు నాతో. ఆ చివరి పాట ఒక్కటే అయితే పోనీ. మిగతా గింజల మాటేంటి? నేను తబలా గురించి, చరణం గురించి చెబుతుంటే తలలూపారు కదా, ఆ తలలు నిజంగా ఊగాయా? నా వెనక ఎన్నిసార్లు కొంగులు నోటికి అడ్డం పడ్డాయి? తలుచుకున్న కొద్దీ నాకు తీపిగా ఉన్న ఒక్కో మధ్యాహ్నం చెడిపోతూ వచ్చింది. ఏదీ మిగల్లేదు.

పెరటి తలుపు తీయడం మానేశాను. అక్క గోడ దగ్గర నిలబడి పిలిచింది, పలకలేదు. కూర గిన్నె గోడ మీద పెట్టి వెళ్ళింది, అలాగే ఉంచాను, పిల్లి తినిపోయింది. అయితే వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసే వారం వచ్చింది. సామాన్ల లారీ మాట్లాడారని మా ఆయన చెప్పాడు. విజయనగరం వెళ్ళిపోతే ఇక ఈవిడ నాకు కనబడదు. అడగవలసింది అడగకుండా పోనిస్తే నా కడుపులోనే కుళ్ళుతుంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాను, గుమ్మంలో నిలబడ్డాను.

అక్క నేల మీద కూర్చుని గాజు గ్లాసులకు పేపర్ చుడుతోంది. అద్దాల బీరువా ఖాళీగా ఉంది.

“లోనికి రా,” అంది. అప్పటిలా ‘పిల్లా’ అనలేదు.

“ఎందుకు జేసినవక్కా?” అన్నాను కూర్చోకుండానే.

“రీలు మిగిలింది. ఖాళీగా వదిలేయడం ఎందుకని ఒక పాట ఎక్కించాను. ట్రాన్స్‌ఫర్ అయి ఎల్లిపోయినవాళ్ళ క్యాసెట్‌లోది. ఏ సినిమాదో నాకే గుర్తు లేదు.”

“నేనడిగేది అది కాదు. చెప్పకపోవుడు.”

గ్లాసు పక్కన పెట్టింది. “ఆ రోజే చెప్దామనుకున్నాను. నువ్వు గెలిచావు, నోరు తెరిచావు. అంతవరకూ నీ గొంతు ఎలాగుంటాదో ఎవరికీ తెల్దు. మళ్ళీ మూసేసుకుంటావని భయమేసింది. అందుకే వాళ్ళకి కూడా నేనే చెప్పాను. పాపం, దానితో అనకండి అని.”

పాపం. నాకు మంట పుట్టింది ఆ మాటకే. వాళ్ళు నన్ను వెక్కిరించినా ఇంత నొచ్చుకునేదాన్ని కాదు. వెక్కిరిస్తే ఎప్పుడో ఒకప్పుడు తిరగబడేదాన్ని. జాలిపడేవాళ్ళ మీద ఎలా తిరగబడాలి?

“మిగిలిన గింజలో?” అన్నాను. “చివరి పాట సంగతి సరే. వేరే పాటలకు ఇప్పగింజ చూపిస్తివి గదా, అవి నిజమేనా?”

అక్క ఇంకో గ్లాసు అందుకుంది. చుట్టింది. దాన్ని పెట్టెలో సర్దింది.

“అన్నీ కాదే,” అంది చివరికి.

“ఏవి కావు?”

“ఇన్నేళ్ళకి ఏం గుర్తుంటాది?”

అప్పుడు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. అక్క లేవబోతే వద్దన్నాను. ఏడుపు తగ్గాక చెప్పాను, “నాతోని ఒక్కపాలి నిజంగా ఆడు. చివరి పాట తీసెయ్. నీ పానం లాంటి క్యాసెట్ పెట్టుకో. జాలి గీలి వద్దు. ఓడిపోతే ఓడిపోత.”

టేప్ రికార్డర్ ఇంకా కట్టలేదు. అక్క తన క్యాసెట్ వెతికి తీసింది. నేను ఇంటికెళ్ళి బీరువాలో గుడ్డ చుట్టి దాచిన నా క్యాసెట్, వంటింట్లోంచి చింతగింజలు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఇప్పగింజలు తెచ్చాను. ఇద్దరమే, చాప కూడా లేదు, గచ్చు మీద కూర్చున్నాం. గని నుంచి వచ్చి పేరుకున్న ఎర్రదుమ్ము మీద మా పాదాల ముద్రలు కనబడుతున్నాయి.

మొదటి జోడీ విన్నాం. గుప్పిళ్ళు తెరిచాం. ఇద్దరి చేతుల్లోనూ చింతగింజలు. అక్కదే గెలిచింది.

“నీ పాట మొదట్లోనే ఆయాసపడిపోద్ది. ఎప్పుడూ అలాగే అనిపించేది నాకు,” అంది అక్క మొహమాటం లేకుండా. కోపమొచ్చింది, హాయిగా కూడా అనిపించింది. ఆవిడ నోటి నుంచి ఇలాంటి మాట ఇదివరకు ఒక్కటి కూడా వినలేదు. రెండో జోడీకి ఇద్దరి చేతుల్లోనూ ఇప్పగింజలు. వాన పాట నిజంగానే మంచిది. మూడోదానికి మళ్ళీ ఇద్దరివీ చింతగింజలే, అక్కది గెలిచింది. డప్పు పాట పొడుగెక్కువైంది అంది, పొడుగు కాదు అని వాదించాను, ఆవిడా తగ్గలేదు. గొంతు పెంచి పోట్లాడుకున్నాం. నాలుగోది నాది. సమానంగా ఉన్నాం. మిగిలింది ఒక్కటే, నా దుఃఖం పాటకు అక్క క్యాసెట్‌లో ఒక జోల పాట.

రెండూ విన్నాం. దుఃఖం పాట అవగానే ‘టక్’ అని చప్పుడు వచ్చింది. నేనే టేప్ ఆపేశాను.

వీపు వెనక గింజలు తడుముకున్నాను. నిజంగా ఆడమన్నది నేనే. జోల పాటే బాగుంది. ఇన్నేళ్ళూ నాకు అలాగే అనిపించేది, కానీ చివరి పాట ఉందన్న ధీమాతో దాన్ని పట్టించుకోలేదు. ప్రాణం ఒప్పలేదు కానీ చింతగింజే పట్టుకున్నాను. గుప్పిళ్ళు తెరిచాం.

నా చేతిలో చింతగింజ. అక్క చేతిలో ఇప్పగింజ.

“ఏందక్కా ఇది?” అన్నాను.

“నీదే బాగుంది. నా జోల పాట వింటే నిద్రొస్తాది గానీ మరేటుంది?” అంది. “నీదాన్ని నువ్వే ఓడించుకుంటావేటి?”

“నిజంగానేనా?”

“ఒట్టు.”

ఆవిడ మొహంలోకి చూశాను. కళ్ళు తిప్పుకోలేదు. పెదాల మీద చిన్న నవ్వు, అరచెయ్యి చాపి గింజ చూపిస్తున్న తీరు, అంతా తెలిసిన మొహమే. నిజమే చెబుతోందేమో. మొదటి ఆట రోజు రేవు పాటకు ఇప్పగింజ చూపించినప్పుడు కూడా అక్క ఇదే మొహంతో ఉంది.